పొగమంచులో కోసిన మూడు సాళ్లు

1978 అక్టోబరు 9, సోమవారం

ఇవాళ పొద్దున్నే మొదటి వింత: మేం పక్కవాళ్ల ద్రాక్ష కోసేశాం.

రాస్తుంటే కూడా నమ్మబుద్ధి కావడం లేదు. మూడు సాళ్లు. ఈ చివర నుంచి ఆ చివరిదాకా, ఒక్క గుత్తి మిగలకుండా. ఎంత శుభ్రంగా కోశారో అని కోతవాళ్లని నేనే మెచ్చుకున్నాను కూడా.

అంతా పొగమంచు వల్ల. చెయ్యి చాపితే చెయ్యే కనపడలేదు. క్లో తురియేర్ తోట చుట్టూ సన్యాసినులు ఎప్పుడో కట్టించిన రాతిగోడ ఉంది, మూడు ఊళ్లవాళ్లు చెప్పుకునేంత గోడ. లోపల మాత్రం ఏ సాలు ఎవరిదో చెప్పడానికి ఒక గులకరాయి కూడా లేదు. సగం నేను పని నేర్చుకుంటున్న మా ఎవ్రార్‌గారిది, సగం లెయోన్స్‌గారిది. ఇద్దరూ ఒకే తాత మనవలు. దాయాదులు. మా నాన్న రైల్వేలో చేరినప్పటి నుంచీ వీళ్లకి మాటల్లేవట. సరిహద్దుకి గుర్తుగా ఒక పీచ్ పళ్ల చెట్టు ఉండేదట. పోయిన చలికాలం అది చచ్చిపోతే కొట్టేశారు. లేని చెట్టు పొగమంచులో ఎవరికి కనపడుతుంది? ఎవరో మొదటి బుట్ట ఒకచోట పెట్టారు, అందరూ అక్కడి నుంచే మొదలుపెట్టారు. అంతే జరిగింది.

మధ్యాహ్నానికి ఎండ వచ్చింది. అప్పటికి పళ్లన్నీ కాడలు దులిపే యంత్రంలోంచి దిగి చిన్న తొట్టిలో పడ్డాయి. లెయోన్స్‌గారు చేతులు వెనక్కి కట్టుకుని మా వాకిట్లోకి వచ్చాడు. ఆయన ఈ వాకిట్లో అడుగుపెట్టడం నేను చూడలేదు, ఫెర్నాంద్‌గారు కూడా చూసి చాలా ఏళ్లయిందట. ఆవిడ ఎవ్రార్‌గారి భార్య. చేతిలో గరిటె అలాగే పట్టుకుని బయటికి వచ్చేసింది.

"అమ్మాయ్, మీ యజమానితో చెప్పు, నా మూడు సాళ్లు ఎటు పోయాయో కనుక్కోమని."

యజమాని నాలుగడుగుల దూరంలోనే నిలబడి ఉన్నాడు.

"జిస్లేన్, ఆయనతో చెప్పు, చిన్న తొట్టిలో ఉన్నాయని."

"చిన్న తొట్టిలో ఉన్నాయండీ" అన్నాను.

"వినపడింది. నాకేం చెవుడు లేదు."

"చెవుడు లేదట" అన్నాను ఎవ్రార్‌గారితో. ఎందుకన్నానో నాకే తెలీదు. ఫెర్నాంద్‌గారు గరిటె నోటికి అడ్డం పెట్టుకుంది.

తర్వాత అరుపులు. మా వైపు మూడు సాళ్లు ఇంకా కోయకుండా ఉన్నాయి, బదులుగా అవి కోసుకోమన్నాడు ఎవ్రార్‌గారు, నా ద్వారానే. లెయోన్స్‌గారు నేలమీద ఉమ్మేసి, తన పళ్లు తనకే కావాలన్నాడు. తొట్టిలో మా ఆరు సాళ్లతో కలిసిపోయిన రసంలోంచి తన మూడోవంతు విడదీసి ఇవ్వాలట! దేవుడు కూడా చెయ్యలేడు ఆ పని. చివరికి వేలు చూపించి, "నా ద్రాక్ష ఎక్కడుంటే నేనక్కడుంటాను. రేపటి నుంచి" అని వెళ్లిపోయాడు.

ఆ చిన్న తొట్టి నాది. ఇది రాసి పెట్టుకోవాలి. సెప్టెంబరులో, ఫెర్నాంద్‌గారి ఎదురుగా, భోజనాల బల్ల దగ్గర ఎవ్రార్‌గారు మాటిచ్చాడు: "ఆ ఓక్ చెక్క తొట్టి నీదే పిల్లా. కోత నుంచి గానుగ దాకా. నేను నోరెత్తను." మా వైన్ బడిలో మిగతావాళ్లందరికీ ఇంట్లో తోటలున్నాయి, తండ్రుల తొట్లున్నాయి. మాకు దిజోన్‌లో కిటికీ కింద రెండు జెరేనియం కుండీలున్నాయి. ఇది నేను చేసిన వైన్ అని చెప్పుకోవడానికి నాకు ఉన్నది ఈ తొట్టి ఒక్కటే.

పొగమంచు. ఇంకేం కాదు.

అక్టోబరు 10, మంగళవారం

వచ్చాడు. అన్నంత పనీ చేశాడు.

నేను తలుపు తీసేసరికే గుమ్మంలో ఉన్నాడు. లోపలికి వచ్చి, ఒక బకెట్ బోర్లించి, నా తొట్టికి ఎదురుగా కూర్చున్నాడు. టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు, చర్చిలో కూర్చున్నట్టు. రసం ఇంకా చల్లగా ఉంది, పులవడం మొదలే కాలేదు. చూడడానికి ఏమీ లేదు. అయినా మధ్యాహ్నం దాకా చూస్తూనే ఉన్నాడు.

"ఏం చూస్తున్నారండీ?"

"నా వాటిని."

"అందులో మీవేవో ఎలా తెలుస్తుందండీ?"

"మీ అమ్మ చేతి వంట పదిమంది వంటల్లో కలిపి పెడితే నీకు తెలీదూ?"

మా అమ్మ చేసే సూప్ నాకు తెలియకపోతే అంతకంటే అదృష్టం లేదు. ఆ మాట అనలేదు.

భోజనాల వేళ ఫెర్నాంద్‌గారు పిలిచింది. "వాళ్లింట్లో తిననని చెప్పు" అన్నాడు నాతో. ఆవిడ విసురుగా వచ్చి, పళ్లెం కిటికీ గట్టు మీద పెట్టి, "ఇది ఇల్లు కాదు. కిటికీ. తిను" అంది. తిన్నాడు. కాసేపాగి ఆవాల ముద్ద లేదా అని కూడా అడిగాడు.

అక్టోబరు 11, బుధవారం

ఇవాళ నాకు ఈ గొడవ మొత్తం అర్థమైంది. అర్థమయ్యాక ఇంకా చిరాకేసింది.

వీళ్ల తాత పోయేముందు ఇద్దరు మనవళ్లనీ విడివిడిగా పిలిచి చెవిలో చెప్పాడట. ఎవ్రార్‌గారికి: "కాడలన్నీ తీసెయ్, పళ్లు మాత్రమే తొట్టిలో వెయ్." లెయోన్స్‌గారికి: "కాడలతోనే వెయ్, కాడ లేని వైన్‌కి వెన్నెముక ఉండదు." ఆ రోజు నుంచి ఇతను తీస్తాడు, అతను వేస్తాడు. ఇతనికి అతను తాత మాట కాలరాసినవాడు. అతనికి ఇతనూ అంతే. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లు అన్నట్టు ఇద్దరికీ చెరో తాత.

"మరి నిజంగా ఏది చెప్పాడండీ?" అని ఫెర్నాంద్‌గారిని అడిగాను.

"ఆ ముసలాయన నన్ను కూడా పిలిచాడు" అంది ఆవిడ, ఉల్లిపాయలు తరుగుతూ. "చెవిలో చెప్పాడు. సూప్‌లో ఉప్పు తక్కువైందని."

అక్టోబరు 12, గురువారం

కాడలు!

నా తొట్టిలో కాడలు!

అక్టోబరు 13, శుక్రవారం

నిన్న కోపంతో రాయలేకపోయాను. పొద్దున నిచ్చెన ఎక్కి చూస్తే పళ్ల మీద పచ్చటి కాడలు పరిచి ఉన్నాయి, పూలపక్కలా. లెయోన్స్‌గారిని అడిగితే దాచనైనా దాచలేదు.

"మీ ఇంటి వెనకాల చెత్తకుప్పలోంచి ఏరుకొచ్చాను. అందులో మూడోవంతు నావే కదా."

ఎవ్రార్‌గారు వచ్చి, మాట్లాడకుండా, ఒక్కొక్క కాడా పైకి తీసి పారేశాడు. ఆయన వెళ్లగానే లెయోన్స్‌గారు గుప్పెడు తిరిగి వేశాడు. నేను మళ్లీ తీశాను. ఇద్దరికీ కలిపి నూట ముప్ఫై ఏళ్లుంటాయి. ఎడ్డెమంటే తెడ్డెం. నోరెత్తనన్న పెద్దమనిషి నోరెత్తడం లేదు, నిజమే. చేతులు ఎత్తుతున్నాడు.

కానీ ఇవాళ మధ్యాహ్నం తొట్టి మేల్కొంది. చెవి ఆనిస్తే లోపల సన్నగా చిటపట, వాన మొదలయ్యే ముందు ఆకుల మీద పడే చప్పుడులా. తొక్కలు పైకి లేచి దిమ్మ కట్టాయి. నేను వాసన పీల్చి, వైన్ వాసనలకి మా ప్రొఫెసర్ ఇచ్చిన మాటల జాబితా ఒక్కొక్కటే నోట్లో పెట్టి చూశాను: చెర్రీ, తడిసిన మట్టి, అతిమధురం, తోలు. ఏదీ సరిపోలేదు. ఆ వాసన కొత్తగా తెరిచిన గది వాసన. అవును, ఎవరో చాలాకాలం తాళం వేసి ఉంచిన గది. ఈ మాట నాది. ఇంతకుముందు ఎవరూ అని ఉండరు అనుకుంటే ఒళ్లు పులకరించింది.

ఈ మాట లెయోన్స్‌గారికి చెప్పాను. ఆయన ముక్కు తొట్టి అంచుకి ఆనించి, కళ్లు మూసుకుని, "వస్తోంది" అన్నాడు.

అంతేనా! యాభైసార్లు వైన్ చేసిన మనిషికి ఉన్న మాట ఇదొక్కటేనా? ఎవ్రార్‌గారిని అడిగితే ఆయనా అంతే, "ఊ, వస్తోంది." ఈ ఒక్క విషయంలో ఏకాభిప్రాయం.

అక్టోబరు 16, సోమవారం

ఇవాళ మొదటిసారి తొట్టిలో దిగి తొక్కాను.

దిగేముందు కొవ్వొత్తి వెలిగించి లోపలికి దించి చూశాను, బొగ్గుపులుసు వాయువు కమ్మేసి ఉంటే ఆరిపోతుందని. ఆరలేదు. మా అన్న నిక్కరు వేసుకుని, అడ్డపలక మీద కూర్చుని, కాళ్లు దింపాను. అప్పుడు బకెట్ మీద నుంచి ఒక గొంతు:

"ఆడపిల్ల తొట్టిలో దిగితే వైన్ విరుగుతుంది."

"అబ్బా, ఎవరు చెప్పారండీ?"

"మా తాత."

"ఆయన ఇది ఎవరి చెవిలో చెప్పాడు?" అంటూ ఫెర్నాంద్‌గారు గుమ్మంలోకి వచ్చింది. "ఒరే లెయోన్స్, ఈ గోడ కట్టింది ఎవరు? ఆ తీగలు మొదట నాటింది ఎవరు? సన్యాసినులు. వాళ్లేమైనా మీసాలు పెట్టుకుని తొక్కారా? ఆ పిల్లని పని చేసుకోనీ."

నేను దిగాను.

పైన దిమ్మ చల్లగా, గట్టిగా, పరుపులా ఉంది. బరువంతా వేసి నొక్కితే ఒక్కసారి కాలు కిందికి జారింది. కింద వేడి! స్నానం నీళ్లంత వేడి. చల్లదనం తొడల దగ్గర, వేడి పాదాల దగ్గర. దీనికి మాట వెతకాలి. అడ్డపలక పట్టుకుని అంగుళం అంగుళం తొక్కుకుంటూ తొట్టి అంతా తిరిగాను. తొక్కల్లో మిగిలిన పళ్లు అరికాళ్ల కింద పుటుక్కు పుటుక్కున పగులుతున్నాయి.

"మెల్లిగా! ఎడమ వైపు మెల్లిగా! అక్కడున్నవి నావి" అని అరిచాడు లెయోన్స్‌గారు.

అక్టోబరు 17, మంగళవారం

తొడల దాకా ఊదా రంగు. సబ్బుకి లొంగడం లేదు.

అక్టోబరు 19, గురువారం

ఎవ్రార్‌గారు రోజుకి రెండుసార్లు తొక్కమంటాడు. లెయోన్స్‌గారు మూడుసార్లు, అది కూడా తన మూడోవంతుకి మాత్రమేనట. ఎక్కడుంది మూడోవంతు? ఈయన పొద్దున చల్లగా ఉండగా అంటాడు, ఆయన సాయంత్రం వేడెక్కాక అంటాడు. నేను ఇద్దరి మాటా వింటూ పొద్దునా సాయంత్రమూ తొక్కీ తొక్కీ, నిచ్చెన మెట్టు మీదే కూర్చుండిపోతున్నాను. అడకత్తెరలో పోకచెక్క అంటే నేనే.

వాళ్ల సంభాషణలు మోయడం ఇంకో పని. ఇవాళ ఎవ్రార్‌గారు మొదలుపెట్టినది ఒకటి:

"జిస్లేన్, ఆయన్ని అడుగు, మోకాలు ఎలా ఉందో. ఊరికే అడుగు. నేనడిగానని చెప్పకు."

"మోకాలు ఎలా ఉందండీ?"

"నువ్వడిగావా, వాడడిగాడా?"

"నేనేనండీ."

"నీకైతే బాగుంది. వాడికైతే చచ్చేంత నొప్పిగా ఉందని చెప్పు."

ఒక సంగతి వింతగా ఉంది. ఆ రోజు మొదటి బుట్ట ఎవరు పెట్టారని ఎవ్రార్‌గారు ఇంతవరకూ ఒక్కసారి కూడా అడగలేదు. కోతవాళ్లని గాని, నన్ను గాని. అడిగితే పొగమంచు అని చెప్పడానికి సిద్ధంగా ఉన్నాను.

తొట్టి బాగుంది. ఇవాళ రుచి చూస్తే నాలుక రెండు వైపులా పట్టుకుంది, కొత్త చెప్పులు కరిచినట్టు. మా జాబితాలో దీన్ని 'దృఢత్వం' అంటారు. కొత్త చెప్పులే నయం.

అక్టోబరు 21, శనివారం

రేపు ఆదివారం. ఇంటికి వెళ్లి రమ్మని ఫెర్నాంద్‌గారు తరిమింది. బస్సుకి బయల్దేరేముందు ఎవ్రార్‌గారు నన్ను పక్కకి పిలిచి, "ఈ సాయంత్రం, రేపూ తొట్టి సంగతి నేను చూసుకుంటాను. ఆయనకి చెప్పకు" అన్నాడు. గేటు దగ్గర లెయోన్స్‌గారు ఆపి, "ఈ సాయంత్రం, రేపూ నేనే తొక్కుతాను. వాడికి తెలియనక్కర్లేదు" అన్నాడు.

మంచిదే. తక్కువ తొక్కడం కంటే ఎక్కువ తొక్కడం నయం. ఇద్దరున్నారు కదా, నాకేం దిగులు.

అక్టోబరు 22, ఆదివారం

ఎవరూ తొక్కలేదు.

నాలుగున్నర బస్సుకి దిగి, సంచీతోనే తొట్టి గదిలోకి వెళ్లాను. గుమ్మంలోనే ముక్కుకి తగిలింది. ఈ వాసనకి మాట వెతుక్కోనక్కర్లేదు, వంటగదిలో సీసా మీద రాసే ఉంటుంది. సిర్కా, అదే వెనిగర్.

నిచ్చెన ఎక్కి చూస్తే దిమ్మ ఎండిపోయి, పై తొక్కలు కాగితంలా ముడుచుకుని ఉన్నాయి. చిన్న చిన్న ఈగలు మేఘంలా లేచాయి. లోపల పులియడం ఉధృతి తగ్గిపోతోంది, అందులోంచి పుట్టే వాయువు పైన కమ్మి కాపాడే రోజులు అయిపోయాయి. ఇప్పుడు ఒక్క పూట వదిలేసినా గాలి తగిలి వైన్ చస్తుంది. ఇది ఇద్దరికీ తెలుసు! వీళ్లకి పాలపళ్లు ఊడకముందే తెలుసు!

ఏడవడానికి టైము లేదు. పళ్లెంతో పై పొరంతా, అరచెయ్యి మందం, గీకి బకెట్లలో పోశాను. వాసన చూసుకుంటూ, బాగున్న తొక్క తగిలేదాకా గీకాను. కొవ్వొత్తి చూసి, ఆదివారం గౌను మోకాళ్ల పైకి ముడేసుకుని దిగిపోయాను. మూడు రోజులు తొక్కాల్సినంత ఒక్క సాయంత్రంలో తొక్కాను. అడుగున రసం చల్లబడింది, గోరువెచ్చగా ఉంది. కుళాయి దగ్గర ఒక గ్లాసు పట్టి, వాసన చూశాను.

బతికింది. అడుగున ఇంకా శుభ్రంగా ఉంది.

వంటింట్లోకి వెళ్లి, నేలంతా ఊదా రంగు కాలిముద్రలు వేసుకుంటూ, ఎవ్రార్‌గారి పళ్లెం పక్కన ఆ ఈగల బకెట్ పెట్టాను. చీజు పునుగులు తింటున్నాడు. నమలడం ఆపేశాడు.

"ఆయన తొక్కలేదా?" అన్నాడు.

"మీరు తొక్కలేదా?" అన్నాను. జీవితంలో మొదటిసారి ఆయన్ని అలా అడిగాను.

అక్టోబరు 23, సోమవారం

ఇద్దరినీ తొట్టి దగ్గర నిలబెట్టాను. ఇక మధ్యవర్తిత్వం చెయ్యను, ఎవరికి చెప్పేది వాళ్ల మొహాన చెప్పుకోండి అన్నాను. తర్వాత ఎవ్రార్‌గారు, తొట్టి వైపు చూస్తూ:

"శనివారం సాయంత్రం వచ్చాను. నువ్వు నిచ్చెన మీద ఉన్నావు. సరే, చేసుకుంటున్నాడు కదా అని వెళ్లిపోయాను."

"నిచ్చెన పైదాకా ఎక్కాను" అన్నాడు లెయోన్స్‌గారు. "కాలు లోపలికి వెయ్యబోతే మోకాలు వంగలేదు. దిగిపోయాను."

"చెప్పొచ్చుగా?"

"ఎవరితో? నీతోనా?"

"ఆదివారం?"

"ఆదివారం నువ్వొస్తావనుకున్నాను. నీ తొట్టి కదా."

"నీ పళ్లు కదా."

"నా తొట్టి!" అని అరిచాను. ఇద్దరూ ఉలిక్కిపడి, ఈ పిల్ల ఎక్కణ్ణుంచి వచ్చింది అన్నట్టు నా వైపు చూశారు.

ఎవ్రార్‌గారు వెళ్లిపోయాక లెయోన్స్‌గారు బకెట్ మీద కూలబడ్డాడు. నేను దిమ్మ తొక్కుతుంటే ఆయన ఒక్కసారి కూడా మెల్లిగా అనలేదు. నేలవైపు చూస్తూ మాట్లాడాడు.

"ఆ పొగమంచు రోజున నేను గోడ పక్కనే ఉన్నాను. మీ కత్తెరల చప్పుడు వింటూనే ఉన్నాను. నా సాళ్లలో."

నేను తొక్కడం ఆపేశాను. "మరి ఆపలేదేమండీ?"

"మూడేళ్లయింది నా పళ్లు వైన్ అవడం నేను చూసి. ఈ మోకాలి నొప్పొచ్చాక తొక్కేవాడు లేడు. కోసినవి కోసినట్టే లారీ ఎక్కి వ్యాపారి దగ్గరికి పోతాయి. ఆ తర్వాత వాటికేమైందో కూడా తెలీదు."

"మరి వాకిట్లోకొచ్చి అంత గొడవ చేశారు!"

"గొడవ చెయ్యకపోతే రానిస్తారా?"

అక్టోబరు 24, మంగళవారం

ఫెర్నాంద్‌గారితో ఈ సంగతి చెప్పకుండా ఉండలేకపోయాను. ఆవిడ ఆశ్చర్యపోలేదు. బంగాళాదుంప చెక్కు తీస్తూ, "మరి మా ఆయన?" అంది.

"ఆయనేంటండీ?"

"ఆయన కళ్లకి గంతలు కట్టి ఆ తోటలో వదిలినా తన సాలు ఎక్కడ మొదలవుతుందో కాలితో చెబుతాడు. పొగమంచంట! ఆ పొద్దున మీతోనే ఉన్నాడుగా."

ఉన్నాడు. నా పక్కనే సిగరెట్ కాలుస్తూ ఉన్నాడు. మొదటి బుట్ట నేనే కింద పెట్టాను. పెట్టి, "ఇక్కడి నుంచేనా అండీ?" అని అడిగాను. ఆయన చాలాసేపు పొగమంచులోకి చూశాడు. నేను గోడ కోసం చూస్తున్నాడనుకున్నాను. తర్వాత, "ఊ" అన్నాడు.

ఎవరి కోసం చూశాడో.

ఈ రెండు వారాలు తప్పు నాదేనేమోనని నిద్ర పట్టక దొర్లాను. అంటే నేను పొరపాటు చెయ్యలేదు. నన్ను పొరపాటుగా వాడుకున్నారు! వాకిలి దాటి ఒకరింటికి ఒకరు వెళ్లలేని ఇద్దరు ముసలివాళ్లు నా తొట్టిలో వంతెన కట్టుకున్నారు. కోప్పడాలా, వద్దా? పడ్డాను. చాలాసేపు పడ్డాను. రాసుకుందామంటే దానికి సరైన మాట దొరకలేదు, 'చిరాకు' మరీ చిన్నది.

అక్టోబరు 25, బుధవారం

ఇవాళ ఇంకా ఘోరం. రాజీ పడ్డారు.

పొద్దున వెళ్లేసరికి తొట్టి ముందు రెండు బకెట్లు, వాటిమీద ఇద్దరు. మధ్యలో కాఫీ కూజా. వాళ్లకి మధ్యలో మనిషి అక్కర్లేదు ఇప్పుడు. చిన్నప్పుడు ఫాదర్‌గారి గాడిదకి ద్రాక్షతొక్కల సారా తాగించిన కథ చెప్పుకుని, గాడిద ఎటు పడిందో అన్న దగ్గర కాస్త తగాదా పడి, మళ్లీ నవ్వుకుంటున్నారు.

నేను చక్కెర కొలిచే గాజుగొట్టం వేసి చూశాను. చక్కెర మొత్తం అయిపోయింది. దిమ్మ కుంగుతోంది. ఆదివారం నాటి మచ్చ వాసన అంచుల్లో కొద్దిగా మళ్లీ తలెత్తుతోంది. "ఇవాళే వైన్ దించేసి గానుగ వేసేద్దామండీ" అన్నాను.

"ఏమంటావు లెయోన్స్?" అన్నాడు ఎవ్రార్‌గారు.

"తొందరేముంది? ఇంకో నాలుగు రోజులు నాననిద్దాం. కాడల్లేవు కదా, ఆ బలమైనా తొక్కల్లోంచి దిగుతుంది."

"అవున్లే. నాలుగు రోజులు. అయిదైనా నష్టం లేదు."

ఎవ్రార్‌గారు! ఈ సోమవారానికే దించెయ్యాలని పోయిన వారం గోల చేసిన మనిషి!

"మొన్ననే సిర్కా వాసన వచ్చింది కదండీ" అన్నాను.

"నువ్వు తొక్కుతూనే ఉండు పిల్లా, ఏమీ కాదు."

"పిల్లలకి తొందరెక్కువ" అన్నాడు లెయోన్స్‌గారు.

"మనకీ ఉండేది" అన్నాడు ఎవ్రార్‌గారు, ఆయన కప్పులో కాఫీ పోస్తూ.

నాకు అర్థమైంది. వైన్ గానుగ దాటి పీపాల్లోకి వెళ్లిపోతే లెయోన్స్‌గారు రేపు పొద్దున ఏ కారణం చెప్పి వస్తాడు? ఎవ్రార్‌గారు ఏ కారణం చెప్పి రానిస్తాడు? అందుకే ఇద్దరూ నాననిద్దాం అంటున్నారు. అన్నేళ్లు కొట్టుకున్నప్పుడు ఈ ఇంట్లో ఒక్క తొట్టి చెడలేదు. స్నేహం కుదిరాక చెడబోతోంది.

సాయంత్రం వాళ్లు వెళ్లాక కుళాయి దగ్గర గ్లాసు పట్టాను. వెలుతురుకి ఎత్తి చూశాను. తాగి, నోట్లో తిప్పి, మింగకుండా చాలాసేపు నిలబడ్డాను. చెర్రీ లేదా అంటే ఉంది. తోలు, అతిమధురం, ఆ తాళం వేసిన గది, అన్నీ ఎక్కడో ఉన్నాయి. కొత్త చెప్పుల కాటు తగ్గి కాలికి పట్టింది. కానీ నాలుక చివర ఒక చేదు ఇప్పుడే తలుపు తడుతోంది. ఇన్ని రోజులూ ఎన్నో మాటలు వెతికాను. ఇవాళ వచ్చింది ఒక్కటే.

చాలు.

ఇద్దరినీ ఇంకోసారి అడగను. అడిగితే మళ్లీ కాఫీ పోసుకుంటారు. ఫెర్నాంద్‌గారికి మాత్రం చెప్పాను. ఆవిడ చేతులు తుడుచుకుని, "ఆ గదికి గడియ లోపలివైపు కూడా ఉంది" అంది, అంతే.

రేపు పొద్దున వాళ్లకంటే ముందు లేస్తాను. గొట్టం, పారా, బకెట్లు ఇప్పుడే కడిగి పెట్టాను. తలుపుకి లోపల గడియ వేస్తాను. ముందు కుళాయి తిప్పి, తనంతట తాను దిగే వైన్ అంతా పీపాల్లోకి దించుతాను. తర్వాత తొట్టిలోకి దిగి తొక్కలు పారతో ఎత్తి గానుగలో పోస్తాను. ఈలోగా వాళ్లు వస్తారు, తలుపు మూసి ఉంటుంది. బాదుతారు. ఇద్దరూ కలిసి, ఒక్క గొంతుతో, నన్ను తిడతారు. తిట్టనీ. తొక్కలన్నీ గానుగలో పడి, ఇక వెనక్కి తీసే వీల్లేనప్పుడు గడియ తీస్తాను. సన్యాసినుల నాటి గానుగ అది, మర బిగించే కర్రకి రెండు వైపులా రెండు పిడులుంటాయి. చెరో పిడీ చూపించి, తిప్పండి అంటాను.